బీజాపూర్ రోడ్డు ఎలా ఉండాలో బస్సెక్కేవాళ్లని ఎవరు అడిగారు?

2025 నవంబర్ 3, సోమవారం పొద్దున. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర లోడుతో ఎదురొచ్చిన టిప్పర్ గుద్దింది. 19 మంది పోయారు. టిప్పర్‌లో ఉన్న కంకర బస్సులో కూర్చున్నవాళ్ల మీద పడింది. సోమవారం పొద్దున ఆ బస్సులో ఎవరుంటారో మా వైపువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆదివారం ఇంటికొచ్చి మళ్లీ హాస్టల్‌కు పోయే పిల్లలు, సిటీలో డ్యూటీకి పోయేవాళ్లు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, వాళ్లకు తోడు వెళ్లే కోడళ్లు.

ఆ సాయంత్రానికే వాదన మొదలైంది. రోడ్డు నాలుగు వరసలు అయి ఉంటే ఇది జరిగేది కాదు, కాకుండా ఆపింది రోడ్డు పక్క మర్రిచెట్లు కొట్టొద్దని వేసిన కేసు, కాబట్టి ఈ చావుల పాపం చెట్ల కోసం కోర్టుకెళ్లినవాళ్లదే అని ఒక పక్క. చెట్టు వచ్చి బస్సును గుద్దలేదు కదా, లోడు చూడండి, స్పీడు చూడండి అని ఇంకో పక్క. మా బంధువుల గ్రూపులో ఈ గొడవ మీదే ఇద్దరు అన్నదమ్ములు మాటలు మానేశారు. నేను ఆ రోడ్డు మీద చిన్నప్పటి నుంచి తిరుగుతున్నవాడిని, తాండూరు వైపు పల్లె మాది, అందుకే ఈ విషయం మీద నాకున్న అభిప్రాయం కొంచెం వివరంగా రాయాలనిపించింది. నా లెక్కలో చెట్లవాళ్లూ దోషులు కాదు, రోడ్డు కావాలన్నవాళ్లూ దోషులు కాదు. ఈ రెండు వర్గాలూ ఒక్కసారి కూడా ఒక గదిలో కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు లేకుండా రోడ్డు ప్లాన్ తయారవుతుంది చూడండి, తప్పు అక్కడుంది.

తెలియనివాళ్ల కోసం ముందు రోడ్డు సంగతి. హైదరాబాద్ అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్లు. కాగితాల మీద ఎన్‌హెచ్ 163, మా నోట్లో బీజాపూర్ రోడ్డు. మన్నెగూడలో చీలి ఒకటి వికారాబాద్‌కు, ఇంకొకటి పరిగి, కొడంగల్ వైపు పోతాయి. ఈ 46 కిలోమీటర్ల పొడవునా రెండు పక్కలా 900 పైచిలుకు మర్రిచెట్లు, నిజాం కాలంలో నాటించారంటారు. ఎండాకాలం మధ్యాహ్నం కిటికీ పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు ఆ చెట్ల విలువ తెలుస్తుంది. రాత్రి పూట ఎదురుగా హైబీమ్ లైట్లతో టిప్పర్ వస్తుంటే, పక్కకు తీయడానికి జాగా లేక, తీస్తే చెట్టు మొదలు ఉంటుందని డ్రైవర్ బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు ఆ చెట్ల భయమూ తెలుస్తుంది. రెండూ నిజాలే.

ఈ రోడ్డు మీద ఏం నడుస్తుందో కూడా చూడాలి. తాండూరు అంటే నాపరాయి, సిమెంటు, కంది. బండల లారీలు, సిమెంటు లారీలు, సిటీ చుట్టూ లేస్తున్న అపార్టుమెంట్లకు కంకర, ఇసుక మోసే టిప్పర్లు. తెల్లవారుజామున చేవెళ్ల, మొయినాబాద్ రైతుల కూరగాయల ఆటోలు, పూల ఆటోలు. చిలుకూరు బాలాజీ గుడికి పోయేవాళ్లు. శనాదివారాలు ఫాంహౌసులకు, రిసార్టులకు పోయే కార్లు. వీటన్నిటి మధ్య బైకుల మీద పిల్లల్ని ఎక్కించుకుని పోయే నాన్నలు, రోడ్డు అంచున మట్టిలో నడుచుకుంటూ పోయే కూలీలు. రోడ్డు దాటి పొలానికి పోయే ఎడ్లు, ట్రాక్టర్లు.

ఇప్పుడు ఈ రోడ్డును వెడల్పు చేయాలా అని లెక్క వేసేటప్పుడు ఇంజినీర్లు ఏం లెక్కపెడతారో చూడండి. మనుషుల్ని లెక్కపెట్టరు, బండ్లను లెక్కపెడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఒక కారు ఒక యూనిట్, ఒక బైకు అర యూనిట్, బస్సు గానీ లారీ గానీ మూడు యూనిట్లు. ఈ యూనిట్ పేరే ప్యాసింజర్ కార్ యూనిట్, పీసీయూ. చదును నేల మీద రెండు వరసల హైవేకి రోజుకు 15,000 పీసీయూలు తగిన రద్దీ అని 1990 నాటి వాళ్ల మార్గదర్శకాలు చెబుతాయి, అది దాటితే వెడల్పు గురించి ఆలోచన మొదలవుతుంది. బండి రోడ్డు మీద ఎంత జాగా తింటుంది, వెనక వచ్చేవాళ్లను ఎంత ఆపుతుంది అన్నది కొలవడానికి ఈ లెక్క పనికొస్తుంది, కాదనను. కానీ ఈ లెక్కలో 60 మంది కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సూ, కంకర టిప్పరూ ఒకటే. ఒక్కొక్కరు నడుపుకుంటూ ఫాంహౌసుకు పోయే మూడు కార్లూ, ఆ 60 మంది బస్సూ కూడా ఒకటే. ఇక మట్టిలో నడిచి పోయేవాళ్లైతే ఈ లెక్కలోకే రారు.

2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం స్పష్టంగా రాసింది, రోడ్డు మీద జాగా బండ్లకు కాదు, మనుషులకు పంచాలి అని. అది పట్టణాలకు రాసిన విధానం. నిజానికి ఆ సూత్రం పట్టణాల కంటే మా లాంటి రోడ్లకే ఎక్కువ అవసరం, ఎందుకంటే ఇక్కడ కారు లేని ఇళ్లు ఎక్కువ, బస్సు తప్పితే వేరే దిక్కు లేనివాళ్లు ఎక్కువ. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక పల్లె బస్సుల్లో ఆడవాళ్ల రద్దీ ఎంత పెరిగిందో ఆ బస్సెక్కిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అంతమంది కొత్తగా రోడ్డెక్కినా ట్రాఫిక్ లెక్కలో అంకె కదలదు. బస్సు ఖాళీగా పోయినా మూడే, ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోయినా మూడే. ప్రభుత్వం ఒక చేత్తో జనాన్ని బస్సుల వైపు తెచ్చి, ఇంకో చేత్తో బస్సులో జనాన్ని లెక్కపెట్టని పద్ధతిలో రోడ్లు వేస్తోంది, ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్లే లేరు.

సరే, లెక్క అయ్యింది, రోడ్డు వెడల్పు చేయాలని తేలింది. ఇప్పుడు జనం ఎక్కడ వస్తారు? చట్టంలో తలుపులు ఎన్ని ఉన్నాయో చూద్దాం.

మొదటిది భూమి పోయేవాళ్ల తలుపు. జాతీయ రహదారుల చట్టం 1956లో సెక్షన్ 3ఏ కింద నోటిఫికేషన్ ఇస్తారు, సెక్షన్ 3సీ కింద 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఎవరు చెప్పుకోవచ్చు? ఆ భూమిలో హక్కో సంబంధమో ఉన్నవాళ్లు. అప్పటికి అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఏ దారిన పోవాలో గీసే గీత, అయిపోయి ఉంటుంది, సర్వే నంబర్లు అచ్చయి ఉంటాయి. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా, ఊరి దగ్గర బహిరంగ విచారణ ఉన్నాయి కదా అని చాలామంది అనుకుంటారు. జాతీయ రహదారుల భూసేకరణకు అవి వర్తించవు. పరిహారం లెక్క మాత్రం ఆ చట్టం నుంచి తీసుకున్నారు, అడిగే పద్ధతి తీసుకోలేదు. రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగం అలైన్‌మెంట్ మీద 2025లో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అభ్యంతరాలు పిలిస్తే రైతులు ఆఫీసు ముందు బారులు తీరారు. మ్యాపు చూసి ఆ గీత తమ బోరు మీదుగా పోతోందా, ఇంటి మీదుగా పోతోందా అని వెతుక్కోవడమే వాళ్లకు దొరికిన భాగస్వామ్యం.

రెండోది పర్యావరణం తలుపు. ఇక్కడ పద్ధతి బానే ఉంటుంది, కాగితం మీదైనా. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 30 రోజుల ముందు చెప్పాలి, రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి, సారాంశం మన భాషలో ఇవ్వాలి, కలెక్టరో ఆ స్థాయి తర్వాతి అధికారో కూర్చోవాలి, మొత్తం వీడియో తీయాలి. సిమెంటు గనుల ప్రాంతం కాబట్టి తాండూరువాళ్లకు ఆ షామియానాలు, ఆ పోలీసులు అన్నీ తెలుసు. కానీ 2013లో నియమం మార్చారు. ఉన్న జాతీయ రహదారిని విస్తరించేటప్పుడు పొడవు 100 కిలోమీటర్లు దాటి, అదనంగా తీసుకునే వెడల్పు కూడా ఒక హద్దు దాటితేనే పర్యావరణ అనుమతి అడగాలి. మాది 46 కిలోమీటర్లు. అంటే 900 మర్రిచెట్లున్నా, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల పరీవాహక ప్రాంతం గుండా పోతున్నా, ఆ లెక్కన ఎవరినీ అడగాల్సిన పని లేదు.

ఇక మిగిలిన తలుపు ఒక్కటే, కోర్టు. చెట్ల కోసం పోరాడినవాళ్లు అదే తట్టారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్లారు, ప్రభావ అంచనా చేయమని ట్రిబ్యునల్ 2023లో చెప్పింది, కేసు ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 2025 అక్టోబర్ ఆఖరులో రాజీ కుదిరింది. ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉంటాయి, దాదాపు 150 చెట్లు మాత్రం వేరే చోటికి తరలిస్తారు, డిజైన్ ఆ మేరకు మారుతుంది. మీర్జాగూడ ప్రమాదం జరిగింది ఆ తర్వాత కొద్ది రోజులకే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ రాజీలో ఒప్పుకున్న డిజైన్ ఏమీ అసాధ్యమైనది కాదు. చెట్లున్న వరసను వదిలి పక్కకు జరిగి వెడల్పు చేయడం, ఊళ్ల దగ్గర బైపాస్ తీయడం, తప్పనిచోట చెట్టును తరలించడం. ఇది మొదటి రోజే బల్ల మీద పెట్టి ఉండొచ్చు. మొయినాబాద్‌లోనో చేవెళ్లలోనో ఒక హాల్లో మ్యాపులు గోడకు తగిలించి, ఇదిగో మూడు మార్గాలు, రెండు పక్కలా పెంచితే ఇన్ని చెట్లు పోతాయి, ఒక పక్కే పెంచితే ఇంత భూమి పోతుంది, కొత్త దారి తీస్తే ఇంత ఖర్చు, ఏమంటారు అని అడిగి ఉంటే? రైతు తన మాట చెప్పేవాడు, చెట్ల ప్రేమికులు తమ మాట చెప్పేవాళ్లు, తాండూరు నుంచి రోజూ బస్సెక్కే అమ్మాయి తన భయం చెప్పేది. గొడవ జరిగేదే, జరగాలి కూడా. కానీ ఆ గొడవకు కొన్ని నెలలు పట్టేది, ఇన్నేళ్లు పట్టేది కాదు. జనాన్ని అడిగితే పని ఆలస్యమవుతుందని అధికారులు ఎప్పుడూ చెప్పే మాట. ఈ రోడ్డు విషయంలో అడగకపోవడం వల్లే ఆలస్యమైంది. భూసేకరణ కూడా కొన్నిచోట్ల ఆలస్యంగా సాగింది, కాబట్టి మొత్తం నెపం కేసు మీద వేయడం కూడా న్యాయం కాదు.

చెట్లు కాపాడాలన్నవాళ్లతో నాకు పేచీ లేదు, ఆ చెట్లు ఉండాలనే నేనూ కోరుకుంటాను. కానీ వాళ్లతో ఒక మాట చెప్పాలి. ఆ ప్రచారం నాకు ఎక్కువగా సిటీలోనే కనబడింది, ఫొటోల్లో, నడకల్లో, పక్షుల లెక్కల్లో. తాండూరు బస్టాండులో, పరిగి బస్టాండులో, చేవెళ్ల కూరగాయల మార్కెట్లో అంతే గట్టిగా వినబడి ఉంటే, మేము రోడ్డు వద్దనడం లేదు, చెట్లుండే నాలుగు వరసల రోడ్డు కావాలంటున్నాం అన్న మాట జనంలోకి దిగి ఉండేది. దిగలేదు కాబట్టే ప్రమాదం జరిగిన సాయంత్రమే వాళ్లను హంతకులంటూ తిట్టగలిగారు.

అలాగే నాలుగు వరసలే అన్నిటికీ మందు అనేవాళ్లకూ ఒక మాట. మధ్యలో డివైడర్ ఉంటే ఎదురెదురుగా గుద్దుకోవడం బాగా తగ్గుతుంది, నిజం, అందుకే ఈ రోడ్డు విస్తరణ కావాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. కానీ విస్తరణ వస్తుంది, వస్తుంది అని ఎదురుచూసిన ఇన్నేళ్లూ ఈ రెండు వరసల రోడ్డు మీద చేయగలిగిన చిన్న పనులు ఎందుకు కాలేదు? రోడ్డు అంచు మట్టి దిగిపోయి జానెడు గొయ్యి ఏర్పడితే నింపడానికి నాలుగు వరసలు కావాలా? మలుపు దగ్గర రాత్రి మెరిసే బోర్డు పెట్టడానికి ట్రిబ్యునల్ తీర్పు కావాలా? బస్సు ఆగడానికి రోడ్డు పక్కన పది గజాల జాగా చదును చేయడానికి? అంతా రోడ్డు అయ్యాక చూద్దాం అన్న ఒక్క మాటతో ఏళ్లు గడిచిపోయాయి.

టిప్పర్ల సంగతైతే అది రోడ్డు వెడల్పుకు సంబంధమే లేని విషయం. పరిమితికి మించి లోడు వేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. 2019లో చట్టం సవరించాక వచ్చిన అంకెలు ఇవి. అదే సవరణలో 198ఏ అని ఇంకో సెక్షన్ వచ్చింది, రోడ్డు డిజైన్‌లో గానీ నిర్వహణలో గానీ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోతే ఆ బాధ్యత ఉన్న అధికారికో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా. లక్షే. అయినా అది కూడా ఎంతమంది మీద ఎప్పుడు వేశారో ఊళ్లో ఎవరినైనా అడగండి, ఆ సెక్షన్ ఉందని కూడా తెలియదు. దేశం మొత్తం మీద 2022లో ఒక్క ఏడాదిలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. ఇంతమంది చనిపోతుంటే డ్రైవర్ మీద తప్ప ఇంకెవరి మీదా కేసు పడని పద్ధతి ఎలా నడుస్తోందో నాకు అర్థం కాదు.

ఇంకో సంగతి కూడా ఈ రోడ్డు చర్చలో ఎవరూ ఎత్తలేదు. తాండూరుకు, వికారాబాద్‌కు రైలు ఉంది. వాడి నుంచి సికింద్రాబాద్ లైను 1874లోనే వేశారు, నిజాం రైల్వే మొదటి లైను అదే. తాండూరువాళ్లలో చాలామందికి ఇప్పటికీ మొదటి ఆలోచన రైలే, రైలు దొరకకపోతే బస్సు. సిటీ లోకల్ రైలు ఎంఎంటీఎస్ సిటీ అంచు దాకానే వచ్చి ఆగిపోయింది, వికారాబాద్ దాకా పొడిగించండని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. పొద్దున, సాయంత్రం డ్యూటీ టైములకు సరిపోయేలా నాలుగు లోకల్ రైళ్లు నడిస్తే ఈ రోడ్డు మీద ఎన్ని బస్సుల జనం తగ్గుతారో, నాపరాయి, సిమెంటు లోడు ఇంకొంత రైలెక్కితే ఎన్ని లారీలు తగ్గుతాయో ఎవరైనా లెక్క వేశారా? రోడ్డు ప్రాజెక్టు చేసేది ఒక శాఖ, రైలు ఇంకో శాఖ, బస్సు రాష్ట్ర ప్రభుత్వానిది, ఒకరి ఫైలు ఇంకొకరు చూడరు. జనం మాత్రం పొద్దున్నే ఈ మూడింటిలో ఏది దొరికితే అది ఎక్కుతారు. జనాన్ని ముందే కూర్చోబెట్టి అడిగితే ఎదురయ్యే మొదటి ప్రశ్న రోడ్డు ఎంత వెడల్పు అని ఉండదు, మా ఊరి నుంచి సిటీకి క్షేమంగా ఎలా పోవాలి అని ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు ఒక్క శాఖ దగ్గర దొరకదు.

జనాన్ని ముందే అడగకపోతే ఏమవుతుందో చూడాలంటే పక్కనే ఉదాహరణ ఉంది. 2016లో బెంగళూరులో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా స్టీలు ఫ్లైఓవర్ వేస్తామన్నారు. ఎనిమిది వందల చెట్లు పోతాయని తెలిసి జనం వేలల్లో రోడ్డు మీద చేతులు పట్టుకుని నిలబడ్డారు, 2017 మార్చిలో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. మన దగ్గర కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్లన్నప్పుడు కూడా 2016లో ఇలాగే జనం కదిలారు, ఆ విషయమూ ట్రిబ్యునల్‌కే చేరింది. జనం గొంతు వినబడింది, కానీ రెండుచోట్లా జనం అడ్డుపడటానికి మాత్రమే పనికొచ్చారు. కాదు అనడానికి రోడ్డెక్కే అవకాశం ఉంది, ఇలా వేయండి అని చెప్పడానికి కూర్చునే కుర్చీ లేదు. పైగా బెంగళూరులోనో జూబ్లీహిల్స్‌లోనో ఉన్నవాళ్లు కాబట్టి టీవీలు వచ్చాయి. మన్నెగూడ దగ్గర కూలీకి పోయే ఆమె చేతులు పట్టుకుని నిలబడితే ఏ కెమెరా వస్తుంది?

అందుకే అడిగే పద్ధతి చట్టంలోనే ఉండాలంటాను, ఎవరి దయ మీదా కాదు. పొడవు 46 కిలోమీటర్లైనా 10 కిలోమీటర్లైనా సరే. డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక, మొదలుపెట్టకముందే రోడ్డు పోయే ప్రతి పంచాయతీలో తెలుగులో రాసిన మ్యాపు గోడకు పెట్టాలి, బస్టాండుల్లో కూడా పెట్టాలి, ఎందుకంటే ఆ రోడ్డు వాడేవాళ్లందరూ ఆ ఊళ్లవాళ్లే కారు. ట్రాఫిక్ లెక్కలో బండ్లతో పాటు వాటిలో మనుషుల్ని, నడిచేవాళ్లని, రోడ్డు దాటేవాళ్లని కూడా రాయాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఒప్పుకుంటే ఒప్పుకున్నామని, లేకపోతే ఎందుకు కుదరదో. గ్రామసభ అన్నది పంచాయతీరాజ్ చట్టంలో ఉండనే ఉంది, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

ఇది పెద్ద మాటగా కనిపిస్తుంది గానీ అసలు పని చిన్న చిన్న విషయాల్లో ఉంటుంది. నాలుగు వరసల రోడ్డు వేశాక ఊరి దగ్గర డివైడర్ ఎక్కడ తెరుస్తారు? మన జిల్లాల్లో ఏ హైవే మీదైనా చూడండి, ఊరివాళ్లు డివైడర్ రాళ్లు పీకి సందు చేసుకుంటారు, అక్కడే ప్రమాదాలు. వాళ్లు చట్టం తెలియక పీకలేదు, పొలం అవతలి పక్క ఉండి, యూ టర్న్ చాలా దూరంలో ఉంటే ఎడ్లను తోలుకుని అంత దూరం ఎవరు పోతారు? తర్వాత అండర్‌పాస్ కావాలని ధర్నాలు, వినతిపత్రాలు. బడి ఎటు పక్కుందో, శ్మశానం ఎటు పక్కుందో, వాగు ఏ నెలలో పొంగుతుందో ఊరివాళ్లని ఒక్క పూట అడిగితే తెలిసిపోయే సంగతులివి. డిజైన్ చేసే కన్సల్టెన్సీవాళ్లు ఎక్కడి నుంచో వస్తారు, వాళ్ల తప్పు కాదు, అడగమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఈ రోడ్డు పనికి అడ్డు తొలగింది. మరి అంతా అయిపోయినట్టేనా అంటే కాదు, తేల్చుకోవాల్సినవి ఇంకా బోలెడున్నాయి. మొయినాబాద్, చేవెళ్ల బైపాసులు వచ్చాక బస్సులు ఊళ్లోకి వస్తాయా, బైపాస్ మీదే పోతాయా? పోతే చేవెళ్ల ప్రయాణికుడు రాత్రి తొమ్మిదింటికి ఎక్కడ దిగాలి, అక్కడ లైటు ఉంటుందా? బస్సు ఆగే చోట్లు ఎన్ని, ఏ ఊళ్ల దగ్గర? మిగిలిన మర్రిచెట్ల మొదళ్ల చుట్టూ కాంక్రీటు పోయకుండా చూసేదెవరు, తరలించిన 150 చెట్లు బతికాయో లేదో ఏటా ఎవరు లెక్క చెబుతారు? పని జరిగేటప్పుడు సగం రోడ్డు తవ్వి సగం మీద రెండు వైపులా బండ్లు వదిలే రోజుల్లో టిప్పర్లకు బడి టైములో, డ్యూటీ టైములో బ్రేకు వేస్తారా?

రంగారెడ్డి, వికారాబాద్ కలెక్టర్లు ఇద్దరూ జాతీయ రహదారుల వాళ్లను, ఆర్టీసీ డిపో మేనేజర్లను, రవాణా శాఖను పిలిచి చేవెళ్లలో ఒకటి, మన్నెగూడలో ఒకటి, తాండూరులో ఒకటి సమావేశం పెట్టాలని అడుగుతూ మా ఊరి నుంచి ఒక వినతిపత్రం రాస్తున్నాం. పైన రాసిన ప్రశ్నలే అందులోనూ ఉంటాయి. మీ ఊరు ఆ రోడ్డు మీద ఉంటే మీ ప్రశ్నలు కూడా కలిపి మీ పంచాయతీ లెటర్‌హెడ్ మీద పంపండి, బస్సు ఎక్కడ ఆగాలో, డివైడర్ ఎక్కడ తెరవాలో సర్వే నంబరుతో సహా రాయండి. మన్నెగూడ దాటాక పరిగి, కొడంగల్ వైపు ఉన్నవాళ్లు మీ వంతు వచ్చేదాకా ఆగకండి, విస్తరణ మాట మొదలైన రోజే, డీపీఆర్ చేతికి రాకముందే రాయండి.